పైసలొచ్చే నెల వేరు, విత్తే నెల వేరు

వ్యవసాయ విస్తరణ, అంటే పరిశోధనలో తేలిన పద్ధతులను రైతుల దాకా చేర్చే కార్యక్రమాలు ఎవరు నడుపుతారు, నిధులు ఎట్లా వస్తాయి, ఎక్కడ ఆగుతాయి అంటూ వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి చాలా ప్రశ్నలు అందాయి. ఒకే తీరువి కలిపేసి, మిగిలిన వాటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా ఊరికి ఒకాయన వచ్చి కేవీకే అంటడు, ఇంకొకాయన ఏరువాక కేంద్రం అంటడు, ఏఈఓ మేడమ్ ఆత్మ మీటింగ్ అంటది. వీళ్లంతా ఒక్కటేనా? జీతాలు ఎవరిస్తరు? మేం దేనికి ఎవరిని అడగాలె?
– ఒక రైతు, పరకాల

జవాబు: ఒక్కటి కాదు. జీతం ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే పని ఎవరిదో సగం తెలిసినట్టే. కాబట్టి మీ రెండో ప్రశ్నతోనే మొదలుపెడదాం.

ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి), మండల వ్యవసాయాధికారి రాష్ట్ర వ్యవసాయ శాఖ ఉద్యోగులు. సుమారు 5 వేల ఎకరాలకు ఒక క్లస్టర్, క్లస్టర్‌కు ఒక ఏఈఓ, ఒక రైతు వేదిక. ఈ లెక్కన రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు కట్టారు. ఒక్కోదానికి 22 లక్షల అంచనా. అందులో 12 లక్షలు వ్యవసాయ శాఖవి, 10 లక్షలు ఉపాధి హామీవి.

ఏరువాక కేంద్రం ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానిది. పాత ఉమ్మడి జిల్లాల లెక్కన పెట్టినవి ఇవి. రాష్ట్ర ప్రభుత్వం విశ్వవిద్యాలయానికి ఇచ్చే గ్రాంటు మీద నడుస్తాయి. శాస్త్రవేత్తలు ఉంటారు కానీ ఒక్కో కేంద్రంలో చాలా కొద్దిమందే.

కేవీకే, అంటే కృషి విజ్ఞాన కేంద్రం, ఖర్చంతా భారత వ్యవసాయ పరిశోధన మండలి భరిస్తుంది. నడిపే సంస్థలు మాత్రం వేర్వేరు. మామునూరు కేవీకే పశువైద్య విశ్వవిద్యాలయం కింద, జమ్మికుంటది ఒక స్వచ్ఛంద సంస్థ కింద, ఆదిలాబాద్, రుద్రూరులోవి వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ఉన్నాయి. వీటన్నిటి మీద అజమాయిషీ ఆ మండలికే చెందిన, హైదరాబాద్‌లోని అటారీ అనే సంస్థది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, పుదుచ్చేరి కేవీకేలన్నీ దాని కిందికే వస్తాయి. జిల్లాలు 33 అయినా తెలంగాణలో కేవీకేలు 16 మాత్రమే. మంజూరైన పోస్టులు ఒక్కోదానికి 16. వాటిలో విషయ నిపుణులు ఆరుగురే.

ఇక ఆత్మ, అంటే వ్యవసాయ సాంకేతిక నిర్వహణ సంస్థ. దాన్ని మనుషులుండే ఆఫీసు కన్నా పైసలుండే సొసైటీ అనుకోవడం మేలు. జిల్లా స్థాయిలో రిజిస్టరై ఉంటుంది. పాలకమండలికి కలెక్టర్ అధ్యక్షుడు. నిధుల్లో కేంద్రానిది 60 శాతం, రాష్ట్రానిది 40 శాతం.

పంట మీద పురుగో తెగులో కనిపిస్తే ముందు ఏఈఓ. ఆమెకు అంతుపట్టకపోతే మొక్కను వేళ్లతో సహా తీసుకొని ఏరువాక కేంద్రానికో కేవీకేకో పోండి. ఫోన్లో ఫొటో ఒక్కటే చూసి మందు చెప్పించుకోవద్దు. పురుగు దెబ్బ ఏదో, పోషక లోపం ఏదో ఫొటోలో తేడా తెలియని సందర్భాలే ఎక్కువ. రెండు మూడు రోజుల శిక్షణ కావాలంటే కేవీకే. వేరే జిల్లాకో రాష్ట్రానికో పోయి పంటలు చూసి రావాలంటే, పొలంబడి (చేనులోనే నడిచే రైతుల బడి) పెట్టించుకోవాలంటే ఆత్మ. ఎవరూ దొరకనప్పుడు కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551.

ఒక చిక్కు కూడా తెలుసుకోండి. పరకాల వరంగల్ పరిశోధన స్థానం కిందికి, అంటే మధ్య తెలంగాణ వ్యవసాయ మండలం (జోన్) కిందికి వస్తుంది. మీకు అంత దూరం లేని హుజూరాబాద్ మాత్రం జగిత్యాల పొలాస కేంద్రంగా ఉన్న ఉత్తర తెలంగాణ మండలంలో ఉంది. అక్కడి చుట్టాలు చెప్పిన సిఫారసు మీ నేలకు అట్లనే పనికొస్తుందని అనుకోవద్దు.

ప్రశ్న: మా క్లస్టర్‌లో ఒకే రైతు కంది చేనులో మూడు బోర్డులున్నయి. కేవీకేది ఒకటి, ఆత్మది ఒకటి, ఇంకో పథకానిది ఒకటి. అందరూ నన్నే ఫొటోలు పంపమంటున్నరు. ఇది తప్పా? సమన్వయం అంటే ఇదేనా?
– ఏఈఓ, నర్సంపేట డివిజన్

జవాబు: బోర్డంటే ఆ సంస్థ అక్కడ ప్రదర్శన పెట్టిందని గుర్తు. మూడు బోర్డులు ఉండటం తప్పు కాదు. ఒకే విత్తన సంచిని మూడు లెక్కల్లో రాస్తే తప్పు. గ్రాంటు తీసుకునే సంస్థ ఇదే పనికి వేరే శాఖ నుంచి డబ్బు తీసుకోలేదని ధ్రువీకరించాలి. ఆడిట్‌లో ఆ సంతకమే మెడకు చుట్టుకుంటుంది. ఫొటోలు పంపింది మీరు కాబట్టి వివరణ మిమ్మల్నే అడుగుతారు.

దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. క్లస్టర్‌కు ఒక్క రిజిస్టర్ పెట్టండి. రైతు పాస్‌బుక్ నంబర్, సర్వే నంబర్, విస్తీర్ణం, పంట, రకం, చూపిస్తున్న పద్ధతి, ఏ వస్తువు ఏ సంస్థ ఇచ్చింది, ఇచ్చిన తేదీ, రైతు సంతకం. ఒక సర్వే నంబర్‌లో ఒక వస్తువుకు ఒకే సంస్థ పేరు ఉండాలి. విత్తనం కేవీకేది, పసుపు జిగురు అట్టలు ఆత్మవి అయితే ఎవరికీ అభ్యంతరం లేదు. ఈ పేజీల నకలు జూన్ మొదటి వారంలోనే మండల వ్యవసాయాధికారి ద్వారా జిల్లా వ్యవసాయాధికారికి, కేవీకేకు, ఏరువాక కేంద్రానికి వెళ్లాలి. సెప్టెంబర్‌లో పంపితే అది సమన్వయం కాదు, సంజాయిషీ.

క్షేత్ర దినోత్సవం, అంటే రైతులను పిలిచి పంట చూపించే సభ, ఖర్చునూ ఇట్లాగే పంచుకోవాలి. హాలు రైతు వేదిక, ఖర్చు లేదు. శాస్త్రవేత్తల రాకపోకలు కేవీకే బిల్లు. రైతుల బస్సు, భోజనం ఆత్మ బిల్లు. షామియానా రెండు చోట్లా కనిపించకూడదు. హాజరు పట్టీ ఒక్కటే తీసి, అసలు ప్రతి ఒక సంస్థ దగ్గర, ధ్రువీకరించిన నకలు రెండో సంస్థ దగ్గర పెట్టాలి. రెండు హాజరు పట్టీల మీద అవే సంతకాలు, అదే తేదీ ఉంటే ఒకే సభను రెండు సభలుగా చూపారనే ఆడిటర్ అనుకుంటారు.

అన్నిటికన్నా ముందు రైతును మార్చండి. మూడు బోర్డులూ ఆయన చేనులోనే ఎందుకున్నాయంటే అది రోడ్డు పక్కన ఉంది, బోరుంది, పెద్దసార్లు కారు దిగితే కనబడుతుంది. అట్లాంటి చేనులో వచ్చిన దిగుబడి లోపలి చెల్కలకు వర్తించదు. ఆత్మ నిబంధనల్లో నిధుల్లో కనీసం 30 శాతం మహిళా రైతులకు చేరాలని ఉంది. ఆ రోడ్డు పక్క రైతు పేరు మూడుసార్లు రాసే బదులు దీన్ని పాటిస్తే ఎంపిక దానంతటదే సర్దుకుంటుంది.

ప్రశ్న: విశ్వవిద్యాలయ విస్తరణలో కొత్తగా చేరాను. ప్రదర్శనలకు నిధులు వచ్చేసరికి వానాకాలం సగం అయిపోతోంది. మార్చిలో మాత్రం ఖర్చు చేయమని ఒత్తిడి. ప్రణాళిక ఎట్లా వేసుకోవాలి?
– శాస్త్రవేత్త, ఉత్తర తెలంగాణ

జవాబు: ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలు, మన విత్తు జూన్‌లో. మధ్యలో రెండు నెలలు. ఆ రెండు నెలల్లోనే పాత ఏడాది లెక్కలు ముగించాలి, వచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే వినియోగ ధ్రువపత్రం పంపాలి, కొత్త కార్యాచరణ ఆమోదం పొందాలి. పాత ధ్రువపత్రం ఆగితే కొత్త వాయిదా ఆగుతుంది. ఆలస్యమంతా పైవాళ్లదే అనుకుంటాం గానీ దాంట్లో కొంత మన అకౌంట్స్ గదిలోనే పుడుతుంది.

చేయాల్సింది బడ్జెట్‌ను పద్దుల వారీగా కాక నిల్వ గుణం వారీగా చూడటం. కొన్ని పనులకు పైసా అక్కర్లేదు: రైతుల ఎంపిక, గత ఏడాది దిగుబడుల నమోదు, మట్టి నమూనాలు. ఇవి ఏప్రిల్, మే నెలల్లో చేలు ఖాళీగా ఉన్నప్పుడే పూర్తిచేయాలి. మడికి 10, 15 చోట్ల ఇంగ్లిష్ 'వి' ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు తవ్వి, మట్టి కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసుకుంటూ అర కిలోకు తేవాలి. గట్ల పక్క, పెంటకుప్ప వేసిన చోట, చెట్ల నీడలో తీయొద్దు.

కొన్ని వస్తువులు ఎన్ని నెలలైనా చెడవు: లింగాకర్షక బుట్టల చట్రాలు, స్ప్రేయర్లు, టార్పాలిన్లు, తేమ కొలిచే మీటరు, బోర్డులు. జనవరి, ఫిబ్రవరిలో పైసలు మిగిలేట్టు కనబడితే ఇవి కొనండి.

కొన్ని చెడిపోతాయి, ప్రదర్శనలు విఫలమయ్యేది ఎక్కువగా ఇక్కడే. పప్పు పంటలకు నత్రజని అందించే బ్యాక్టీరియాను బొగ్గు పొడిలో కలిపి చేసే రైజోబియం కల్చర్ వయసు 6 నెలలే, అదీ చల్లటి చోట ఉంటే. మార్చిలో కొని రేకుల షెడ్డులో పెట్టి జూన్‌లో పంచితే వేసవి ఎండలకు బ్యాక్టీరియా చచ్చి రైతుకు చేరేది బొగ్గు పొడే. బుట్టల్లో పెట్టే ఎరలదీ అదే కథ. చేలో పెట్టాక సుమారు నెలకొకసారి మార్చాలి, వాడేదాకా ఫ్రిజ్‌లో ఉంచాలి. సోయా విత్తనం ఇంకా సున్నితం. పొర పల్చన కాబట్టి బస్తా ఎత్తేసినా మొలక తగ్గుతుంది. చట్టం అడిగే కనీస మొలక సోయాకు 70 శాతం, కందికి 75 శాతం. ట్యాగ్ మీద ఎంత ఉన్నా పంచడానికి వారం ముందు 100 గింజలు తడి గోనెపట్టాలో చుట్టి చూసుకోండి. ట్యాగ్ చెల్లుబాటు పరీక్ష తేదీ నుంచి 9 నెలలు. తర్వాత మళ్లీ పరీక్ష చేయించాలి.

ఇక పంటల ఎంపిక. నిధులు ఆలస్యమైతే 60, 65 రోజుల పెసర మొత్తంగా చేజారుతుంది. కంది అట్లా కాదు. జూన్, జూలైలో విత్తితే డిసెంబర్, జనవరిలో కోత. విత్తనం ఎకరాకు 2, 3 కిలోలే, కాబట్టి 25 ఎకరాల ప్రదర్శనకు 75 కిలోలు దాటదు. ఆ కొద్ది విత్తనం ముందుగా సమకూర్చుకుంటే మిగతా వస్తువులకు ఆగస్టులో పైసలొచ్చినా పంట నిలబడుతుంది, ఫలితమూ అదే ఆర్థిక సంవత్సరంలో చేతికొస్తుంది. వరంగల్ రకాలు కావాలంటే విత్తన ఇండెంట్ జనవరిలోనే పరిశోధన స్థానానికి చేరాలి. మేలో అడిగితే ఖాళీ గోదాము చూపిస్తారు.

సెప్టెంబర్‌లో నిధులు వస్తే యాసంగి శనగ, పల్లి వైపు జరపండి. ఫిబ్రవరి నువ్వుల దగ్గర మాత్రం జాగ్రత్త. విత్తడం ఈ ఆర్థిక సంవత్సరంలో, కోత వచ్చేదాంట్లో. వస్తువుల బిల్లులు మార్చి 31 లోపే ముగించి, దిగుబడి ఫలితం వచ్చే ఏడాది నివేదికలో చూపుతామని ముందే రాసి పెట్టాలి. పంట చేలోనే ఉండగా ఫలితం రాసిన నివేదికను చదివినవారు ఇట్టే పట్టేస్తారు.

కొటేషన్లు పిలిచి, సరిపోల్చి, సిద్ధంగా ఉంచుకోవడానికి నిధులు రావాల్సిన పనిలేదు. కొనుగోలు ఆర్డర్ మాత్రం నిధులొచ్చాకే ఇవ్వాలి. మార్చి ఒత్తిడికి జవాబు కేంద్ర సాధారణ ఆర్థిక నియమావళిలోనే ఉంది: సంవత్సరం చివరి నెలల్లో హడావిడి ఖర్చు ఆర్థిక ఔచిత్యానికి విరుద్ధం అని 62వ నియమం చెబుతుంది. సరుకు రాకుండా పూర్తి బిల్లు చెల్లించి 'అందినది' అని రాయమంటే ఈ నియమం చూపించండి. అంతకన్నా మంచిది డిసెంబర్‌లోనే మిగులు లెక్కగట్టి పద్దు మార్పుకు అనుమతి అడగడం.

ప్రశ్న: మా చేనులో కొత్త వరి రకం పరీక్ష పెట్టిన్రు. అర ఎకరం దెబ్బతిన్నది. నష్టం ఎవరిస్తరు? ఇంకోటి, దిగుబడి వాళ్లు చెప్పింది ఒకటి, నేను తూకమేసింది ఒకటి.
– రైతు, రాయికల్ మండలం

జవాబు: ముందు అది ఏ రకం ప్లాటో తెలుసుకోవాలి. ఇక్కడ పనికొస్తుందో లేదో తేలని దాన్ని కొద్దిమంది రైతుల చేలలో పోల్చి చూడటం క్షేత్ర పరీక్ష. నిరూపితమైన దాన్ని ఒక్కో రైతుకు 0.4 హెక్టారు, అంటే ఎకరం చొప్పున చూపించడం ప్రథమ శ్రేణి ప్రదర్శన. పరీక్షలో ఓటమి కూడా ఫలితమే. రెండింట్లోనూ సంస్థ ఇచ్చేది కీలకమైన వస్తువులు మాత్రమే. పంట నష్టపరిహారానికి ఆ నిధుల్లో పద్దు ఉండదు. ఈ సంగతి విత్తనం చేతిలో పెట్టే రోజే మీకు చెప్పాల్సింది. ఇక ముందు ఎవరైనా పరీక్ష అంటే రెండు అడగండి: ఇది పరీక్షా, ప్రదర్శనా? పోల్చడానికి పక్కనే నా పాత రకం ఎంత విస్తీర్ణంలో ఉంటుంది? పోల్చే మడి లేకుండా మొత్తం పొలం ఇవ్వవద్దు.

నష్టం జరిగిన ప్లాటును మాత్రం వదిలేయకండి. శాస్త్రవేత్తను పిలిపించి కారణం రాయించండి. రకం తప్పా, నారు ముదిరి నాటారా, నీళ్లందలేదా? అది రాస్తేనే ఏటా వానాకాలానికి, యాసంగికి ముందు జరిగే జోన్ స్థాయి పరిశోధన, విస్తరణ సలహా సమావేశానికి చేరుతుంది. విశ్వవిద్యాలయం, వ్యవసాయ శాఖ ఎదురెదురుగా కూర్చుని రైతుల సమస్యను పరిశోధన అంశంగా మార్చే చోటు అదే. నోటిమాట అక్కడిదాకా పోదు.

తూకంలో తేడా ఎందుకంటే వాళ్లు 5 మీటర్లకు 5 మీటర్ల ముక్క కోసి లెక్కేస్తారు. ఎకరం 4,047 చదరపు మీటర్లు, కాబట్టి 25 చదరపు మీటర్ల తూకాన్ని సుమారు 162తో గుణించాలి. 14.5 కిలోలొస్తే ఎకరాకు దాదాపు 23 క్వింటాళ్ల 50 కిలోలు. పచ్చి వడ్లు తూచినా, మంచి ముక్క ఏరుకున్నా లెక్క మారుతుంది. ముక్కలో అర కిలో తేడా వచ్చినా ఎకరాకు 80 కిలోలు ఎక్కువో తక్కువో అవుతుంది. కోసే ముక్క చీటీ వేసి ఎంచాలి, ఒక్కటి కాదు మూడు కోయాలి, తేమ కొలిచి రాయాలి. మీరు దగ్గరుండి చూడొచ్చు, అది మీ చేను.

ప్రశ్న: మా రైతు ఉత్పత్తిదారుల సంస్థకు విస్తరణ నిధులు నేరుగా వస్తాయా?
– డైరెక్టర్, జగిత్యాల జిల్లా

జవాబు: కొంతవరకు. ఆత్మలో జిల్లా స్థాయి కార్యక్రమాల ఖర్చులో కనీసం 10 శాతం ప్రభుత్వేతర మార్గాల్లో, అంటే రైతు సంఘాలు, సహకార సంఘాలు, స్వచ్ఛంద సంస్థల ద్వారా జరగాలి. ఇది చాలామందికి తెలియదు, అందుకే ఎవరూ అడగరు. జిల్లా కార్యాచరణ ప్రణాళిక రాసేటప్పుడే మీ ప్రతిపాదన మండల రైతు సలహా సంఘం ద్వారా వెళ్లాలి. పంట, ఊళ్లు, రైతుల సంఖ్య, తేదీలు, తలసరి ఖర్చు రెండు పేజీల్లో రాస్తే చాలు. నాబార్డ్ వ్యవసాయ రంగ ప్రోత్సాహక నిధి మరో దారి. దానికి కేవీకేను సాంకేతిక భాగస్వామిగా చూపితే బలం.

10 వేల ఎఫ్‌పీఓల (రైతు ఉత్పత్తిదారుల సంస్థల) పథకం కింద మూడేళ్ల పాటు అందే నిర్వహణ సాయం, గరిష్ఠంగా 18 లక్షలు, సీఈఓ జీతం, ఆఫీసు ఖర్చుల కోసం. దాంట్లోంచి శిక్షణ భోజనాలు పెట్టి బిల్లులు ఇరికించొద్దు.

ప్రశ్న: వినియోగ ధ్రువపత్రాలు మాటిమాటికీ తిరిగొస్తున్నాయి. ఎక్కడ తప్పుతున్నాం?
– అకౌంట్స్ సహాయకుడు, హనుమకొండ

జవాబు: తిరిగొచ్చే వాటికి కారణాలు దాదాపు అవే. అడ్వాన్సు ఇచ్చినదాన్ని ఖర్చుగా చూపడం ఒకటి. శాస్త్రవేత్త క్షేత్ర దినోత్సవానికి తీసుకున్న 20 వేలు బిల్లులు వచ్చేదాకా అడ్వాన్సే. గ్రాంటు మీద వచ్చిన బ్యాంకు వడ్డీని మన ఆదాయంగా వాడుకోవడం రెండోది. పైన చెప్పిన ఆర్థిక నియమావళిలోని 230వ నియమం ప్రకారం లెక్కలు తేలగానే అది కేంద్ర సంచిత నిధికి జమ కావాలి. ధ్రువపత్రం రాసే 12-ఎ ఫారంలో 31, 35, 36 పద్దులు, అంటే సాధారణ ఖర్చు, ఆస్తుల కల్పన, జీతాలు, కలిపి ఒకే అంకె వేయడం మూడోది. ఒక పద్దులో మిగిలింది ఇంకోదానికి వాడాలంటే ముందు అనుమతి కావాలి, తర్వాత కాదు.

ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళికల నిధులు ఆ లబ్ధిదారులకే చేరాలి. ఉట్నూరు, ఏటూరునాగారం వైపు శిబిరంలో 50 స్ప్రేయర్లు పంచితే 50 మంది కుల ధ్రువపత్రాల నకళ్లు ఫైల్‌లో ఉండాలి. సభకు వచ్చిన మిగతా రైతులకు అదే పద్దు నుంచి ఇవ్వడం కుదరదు. కొన్న సామాన్లు ఫారం 22లో ఏళ్ల పాటు నిలిచే ఆస్తులుగానో, 23లో వాడకపు వస్తువులుగానో ఎక్కాలి. బిల్లు మీద రిజిస్టర్ పేజీ నంబర్ రాసి పెట్టుకుంటే తనిఖీ రోజు వెతుకులాట ఉండదు.

కేంద్ర ప్రాయోజిత పథకాలకు 2021 జూలైలో రాష్ట్రానికి ఒకే నోడల్ ఖాతా, కింది వాళ్లకు సున్నా నిల్వ ఖాతాల పద్ధతి తెచ్చారు. అంటే మీ ఖాతాలో మిగులు కనిపించదు, పరిమితి మాత్రమే కనిపిస్తుంది. పాత అలవాటుతో పైసలు బ్యాంకులో ఉన్నాయి కదా అని ధీమాగా కూర్చుంటే ఏడాది చివర ఆ పరిమితి మురిగిపోతుంది.

ప్రశ్న: పురుగు మందుల దుకాణం ఉంది. డిగ్రీ లేదు. డీలర్లకు చెప్పే డిప్లొమా నిజమేనా?
– హుజూరాబాద్

జవాబు: నిజమే. హైదరాబాద్‌లోని జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ (మేనేజ్) 2003లో మొదలుపెట్టిన 'దేశీ' కోర్సు అది. 48 వారాలు, వారానికొక రోజు, సాధారణంగా ఆదివారమో అంగడి సెలవు రోజో. 40 తరగతులు, 8 క్షేత్ర పర్యటనలు. బ్యాచ్‌కు 40 మంది. కేవీకేలు, విశ్వవిద్యాలయ కేంద్రాలు నడుపుతాయి. మీ దగ్గరి బ్యాచ్ కోసం జిల్లా ఆత్మ ఆఫీసులో పేరు రాయించండి, 40 మంది నిండాకే మొదలవుతుంది.